రిక్లైనర్ కుర్చీ కదలడం లేదా? మోటారు కొనే ముందు వైర్లు చూడండి

"కరెంటు రిక్లైనర్ కదలడం లేదు. మోటారు మార్చాలంటున్నారు. ఏం చేయమంటారు?" బటన్ నొక్కితే వీపు వాలి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ పైకి లేచే కుర్చీ గురించిన ఈ ప్రశ్న వినకుండా నాకు వారం గడవదు. ఉప్పల్ నుంచి అడుగుతారు, కూకట్‌పల్లి నుంచి అడుగుతారు, మణికొండ అపార్టుమెంట్ల నుంచి అడుగుతారు. విడివిడిగా చెప్పేటప్పుడు ఏదో ఒక జాగ్రత్త మరిచిపోతున్నాను. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను విప్పి చూసిన కుర్చీల్లో మోటారు నిజంగా కాలిపోయినవి చాలా తక్కువ. తప్పు చాలాసార్లు అడాప్టర్‌లో ఉంటుంది, లేదా బటన్లలో, లేదా వీటిని మోటారుతో కలిపే వైరులో. మోటారు ఖరీదైన భాగం, పైగా మీ కుర్చీకి సరిపోయేది వెంటనే దొరకదు. వైరు అతకడం అరగంట పని. కాబట్టి ఏది చెడిందో తేలకుండా ఏదీ కొనకండి.

నల్లకుంటలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి మోకాలి ఆపరేషన్ అయింది. ఆయన కుర్చీలో ఫుట్‌రెస్ట్ పైకి లేచి అక్కడే ఆగిపోయింది. కుర్చీ అమ్మిన దుకాణం వాళ్లు చూడకుండానే ఫోనులో మోటారు పోయిందని తేల్చేశారు. "మూడు రోజులైంది బాబూ. లేవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వస్తోంది" అన్నారాయన. టార్చి వేసి కుర్చీ కింద చూశాను. వేరుశనగ పొట్టు, ఒక రూపాయి బిళ్ల, వాటి పక్కనే ఎలుక కొరికిన వైరు. గోరంత మేర రాగి బయటపడి మెరుస్తోంది. లోపలి రెండు వైర్లలో ఒకటి పూర్తిగా తెగింది, రెండోది నాలుగైదు పోగుల మీద వేలాడుతోంది. అతికి, స్లీవ్ తొడిగి, బటన్ ఆయన చేతికే ఇచ్చాను. కాళ్లు నేలకు ఆనగానే ఆయన కుర్చీ చేతుల మీద బరువు మోపి, ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడ్డారు. ఆ ఇంట్లో కొత్త మోటారు కోసం డబ్బు కట్టడానికి అప్పటికే సిద్ధపడ్డారు.

కుర్చీ లోపల ఏముంటుంది

గోడ సాకెట్ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును కుర్చీ కింద ఉండే నల్లటి అడాప్టర్ డీసీగా మారుస్తుంది. చాలా కుర్చీల్లో అది 29 వోల్టులు, 1.8 లేదా 2 ఆంపియర్లు. ఆ కరెంటు బటన్ల గుండా మోటారుకు చేరుతుంది. ఒక బటన్ నొక్కితే ప్లస్, మైనస్ ఒక వరుసలో వెళ్తాయి. రెండోది నొక్కితే తారుమారవుతాయి, మోటారు వెనక్కి తిరుగుతుంది. చివరిదాకా వెళ్లగానే మోటారు లోపలి లిమిట్ స్విచ్ దాన్ని ఆపుతుంది.

కొన్ని కుర్చీల్లో అడాప్టర్ వైరు ముందు బటన్లకు వెళ్లి, అక్కడి నుంచి రెండు వైర్లుగా మోటారుకు వెళ్తుంది. మరికొన్నింట్లో అడాప్టర్ నేరుగా మోటారు పెట్టెకు తగులుకుంటుంది. రిమోట్ ఐదు పిన్నుల గుండ్రటి ప్లగ్‌తో అదే పెట్టెకు విడిగా తగులుకుంటుంది. మీది ఏ రకమో కుర్చీ పడుకోబెట్టగానే తెలుస్తుంది.

వారంటీ ఇంకా ఉంటే విప్పకండి, ముందు ఫిర్యాదు నమోదు చేయండి. మనిషిని ముందుకు వంచి లేపే లిఫ్ట్ కుర్చీలు, మసాజ్ కుర్చీలు, విడిగా కంట్రోల్ పెట్టె ఉన్నవి అయితే సాకెట్, అడాప్టర్, ప్లగ్గుల వరకే చూడండి. వాటి బటన్ల జోలికి, మోటారు వైర్ల జోలికి వెళ్లకండి.

కావలసినవి

- మల్టీమీటర్. చవక రకం చాలు, కానీ కంటిన్యుటీ (వైరు తెగకుండా ఉందో లేదో) చూసేటప్పుడు మోగేది తీసుకోండి.
- స్టార్, ఫ్లాట్ స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, వైరు ఒలిచే స్ట్రిప్పర్.
- 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, లోపల రెజిన్ ఉన్న సోల్డర్ వైరు.
- హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని అతుకును కప్పే గొట్టం), రెండు మూడు సైజుల్లో.
- 0.75 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి రాగి వైరు, రెండు మీటర్లు. లోపల ఒంటి తీగ కాకుండా సన్నటి పోగులు ఉండాలి.
- 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలు రెండు, వాటి క్లిప్పులు రెండు.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్, కేబుల్ టైలు, టార్చి, ఒక స్టీలు పళ్లెం.

వీటిలో ఎలక్ట్రానిక్స్ సామాను కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. వైరు, కనెక్టర్ల వంటివి ట్రూప్ బజార్‌లో చూడవచ్చు. పాత అడాప్టర్‌ను, పాత బటన్ల ప్యానెల్‌ను వెంట తీసుకెళ్లి చూపించండి. నోటితో వర్ణిస్తే ప్లగ్ ఆకారం తేడా వచ్చి రెండోసారి తిరగాల్సి వస్తుంది.

1. ముందు మనిషిని దించండి, తర్వాత ప్లగ్ తీయండి

కుర్చీ తెరుచుకుని ఆగిపోయి అందులో పెద్దవారు ఉంటే, ఫుట్‌రెస్ట్ మీదుగా ముందుకు దిగనివ్వకండి. అది కాళ్ల బరువు మోస్తుంది కానీ మనిషి బరువు మోయదు, కుర్చీ ముందుకు తిరగబడుతుంది. కాళ్లను పక్కకు తిప్పి, కుర్చీ చేతి మీదుగా ఒకరు భుజం పట్టుకుని దించండి.

ఆ తర్వాత గోడ సాకెట్ నుంచి ప్లగ్ పూర్తిగా తీసేయండి. స్విచ్ ఆపితే సరిపోతుందని అనుకోకండి. పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వైపు ఉండటం నేను చూశాను. అలాంటి చోట స్విచ్ ఆపినా ఫేజ్ (కరెంటు తెచ్చే తీగ) అడాప్టర్ దాకా వస్తూనే ఉంటుంది. పిల్లలను, పెంపుడు జంతువులను ఆ గదిలోకి రానివ్వకండి. ఫుట్‌రెస్ట్ కింది ఇనుప చేతులు కత్తెరలా మూసుకుంటాయి, వేలు పడితే నలుగుతుంది.

2. సాకెట్‌ను, ఎక్స్‌టెన్షన్ బోర్డును అనుమానించండి

అదే సాకెట్‌లో ఫోను ఛార్జర్ పెట్టి చూడండి. కుర్చీని ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడిపిస్తుంటే దాన్ని పక్కన పెట్టి, అడాప్టర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు తగిలించండి. హాలు మధ్యలో సోఫా వేసి, ఎక్స్‌టెన్షన్ వైరును తివాచీ కింద నుంచి లాగి, దాని మీద సోఫా కాలు మోపిన ఇళ్లు చాలా ఉన్నాయి. అలా నలిగిన వైరును అతకకండి, పారేయండి. అందులో ఉండేది 230 వోల్టులు.

ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి, ఉరుములతో వాన పడిన మర్నాడు కుర్చీ ఆగిపోయిందంటే నేను మొదట అడాప్టర్‌నే అనుమానిస్తాను. వీధి లైనులో న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. అదే రాత్రి ఇంట్లో టీవీ గానీ, రౌటర్ గానీ పోయిందేమో గుర్తు చేసుకోండి.

3. కుర్చీని పడుకోబెట్టి, ముందు ఫోటో తీయండి

గోడ ప్లగ్ మళ్లీ తీసేయండి. చాలా రిక్లైనర్లలో వీపు భాగం ఊడి వస్తుంది. వెనకవైపు కింద గుడ్డ అంచు ఎత్తితే రెండు పక్కలా లాక్ మీటలు కనిపిస్తాయి. వాటిని ఫ్లాట్ స్క్రూడ్రైవర్‌తో పైకి నెట్టి, వీపు భాగాన్ని నిలువుగా ఎత్తండి. వీపు భాగానికి విడి మోటారు ఉంటే దాని వైరు ప్లగ్ ముందే విడదీయాలి, లేదంటే ఎత్తేటప్పుడు తెగుతుంది. ఇద్దరు కలిసి, దుప్పటి పరిచి, కుర్చీని మెల్లగా ముందుకు వాల్చండి. అడుగున నల్ల గుడ్డ పిన్నులతో కొట్టి ఉంటుంది. ఒక వైపు పిన్నులు తీస్తే చాలు.

దేన్నీ కదపకుండా మూడు వైపుల నుంచి ఫోటోలు తీయండి. ఏ ప్లగ్ ఎందులోకి వెళ్తోంది, వైరు ఏ ఇనుప చేతి మీదుగా తిరుగుతోంది అన్నది కనిపించాలి. ఇప్పుడు టార్చితో వైరును మొదటి నుంచి చివరిదాకా కళ్లతో, తర్వాత వేళ్లతో తడమండి. ఎలుక పళ్ల గాట్లు, నలిగి బల్లపరుపు అయిన చోట్లు, కాలి గట్టిపడిన చోట్లు వెతకండి. వైరు ఎక్కువగా తెగేది ఫుట్‌రెస్ట్ కత్తెర దగ్గర, మోటారు మీదికి వంగే చోట.

స్ప్రింగులు కనిపిస్తాయి. వాటిని విప్పవద్దు. బిగువుగా ఉంటాయి, జారితే ముఖానికి తగులుతాయి.

4. అడాప్టర్‌ను విడిగా పరీక్షించండి

అడాప్టర్ నుంచి కుర్చీ వైపు వెళ్లే ప్లగ్‌ను విడదీయండి. అడాప్టర్‌ను గోడకు తగిలించి, దాని లైటు వెలుగుతుందో చూడండి. మీటర్‌ను డీసీ 200 వోల్టుల దగ్గర పెట్టి, అడాప్టర్ చివరి ప్లగ్‌లో మీటర్ వైర్ల కొసనుండే రెండు లోహపు పుల్లలు ఆనించండి. లేబుల్ మీద 29 అని ఉంటే 28 నుంచి 30 మధ్య రావాలి. పుల్లలు ఒకదానికొకటి తగలనివ్వకండి.

- లైటు లేదు, వోల్టేజీ లేదు: ప్లగ్ తీసి ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. షార్ట్ (రెండు తీగలు కలవడం) వల్ల తనను తాను ఆపుకున్న అడాప్టర్ అయితే తిరిగి వస్తుంది. రాకపోతే గోడకు తగిలించే వైరు చూడండి. అది అడాప్టర్ నుంచి ఊడి వచ్చే రకమైతే మరో వైరుతో ప్రయత్నించండి.
- విడిగా ఉన్నప్పుడు బాగుంది, కుర్చీకి తగిలించగానే లైటు ఆరిపోతోంది: అడాప్టర్ మంచిదే. ముందున్న వైరులో ఎక్కడో రెండు తీగలు కలిశాయి.
- లైటు ఉంది, 29 వోల్టులూ ఉన్నాయి, బటన్ నొక్కగానే లైటు మసకబారుతోంది: అడాప్టర్ నీరసించి ఉండవచ్చు, లేదా కుర్చీ ఎక్కడో బిగుసుకుని మోటారు ఎక్కువ కరెంటు లాగుతూ ఉండవచ్చు.

ఈ మూడో అనుమానం తీరాలంటే తేలిక దారి ఒకటుంది. మీ సోఫాలో రెండు సీట్లు కదిలేవి అయితే పక్క సీటు అడాప్టర్‌ను దీనికి పెట్టి చూడండి. నేను ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగేది ఇదే: పక్కన ఇలాంటిదే ఇంకో సీటు ఉందా? ఉంటే సగం పరీక్షలు మీటర్ లేకుండానే అయిపోతాయి. లేబుళ్ల మీద వోల్టులు ఒకటే అని మాత్రం చూసుకోండి.

అడాప్టర్ పెట్టెను తెరవకండి. లోపల కరెంటును దాచుకునే కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్ తీసిన తర్వాత కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. కొత్తది కొనేటప్పుడు వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి, ప్లగ్ ఆకారం, ప్లస్ మైనస్ల వైపు ఒకటిగా ఉండాలి. ఇంట్లో ఉన్న 19 వోల్టుల ల్యాప్‌టాప్ ఛార్జర్ ప్లగ్ కోసి అతికిన వారున్నారు. ఖాళీ కుర్చీ నెమ్మదిగా కదులుతుంది, మనిషి కూర్చోగానే ఆగిపోతుంది. అలా చేయవద్దు.

5. ప్రతి ప్లగ్‌నూ ఒకసారి తీసి పెట్టండి

ఇది చిన్న పని, కానీ దాటేయకండి. ఇల్లు ఊడ్చేటప్పుడు సోఫా జరిపితే ప్లగ్ సగం ఊడుతుంది, బయటికి తగిలి ఉన్నట్టే కనిపిస్తుంది. ప్రతి ప్లగ్‌నూ తీసి, లోపల పచ్చగా చిలుము పట్టిందేమో, పిన్ను వంగిందేమో చూడండి. ఐదు పిన్నుల గుండ్రటి ప్లగ్‌కు ఒక గాడి ఉంటుంది, అది కుదిరితేనే లోపలికి వెళ్లాలి. బలవంతంగా తిప్పి నెడితే పిన్నులు మడత పడతాయి. వంగిన పిన్నును సన్న ప్లేయర్‌తో ఒక్కసారి నిటారు చేయవచ్చు. రెండుసార్లు వంచితే విరుగుతుంది.

6. మోటారు మంచిదో కాదో బ్యాటరీతో తేల్చండి

మోటారు నుంచి రెండు పిన్నుల ప్లగ్ మాత్రమే వచ్చే కుర్చీలకే ఈ పరీక్ష. రెండు 9 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలపండి: ఒకదాని ఎర్ర వైరు రెండోదాని నల్ల వైరుకు. మిగిలిన రెండు కొసల మధ్య 18 వోల్టులు వస్తాయి. కుర్చీ ఖాళీగా ఉండాలి, చేతులు ఇనుప చేతులకు దూరంగా ఉండాలి. మోటారు ప్లగ్‌ను విడదీసి, ఆ రెండు కొసలను దాని పిన్నులకు రెండు మూడు సెకన్లు ఆనించండి. తర్వాత కొసలు తారుమారు చేసి ఆనించండి.

నెమ్మదిగానైనా రెండు వైపులా కదిలితే మోటారు బాగుంది. మోటారు మాట ఇక మరిచిపోండి, తప్పు బటన్లలో గానీ వైరులో గానీ ఉంది. ఒక వైపే కదిలితే కంగారు పడకండి. కుర్చీ పూర్తిగా తెరుచుకుని గానీ, పూర్తిగా మూసుకుని గానీ ఉంటే అలాగే జరగాలి, లిమిట్ స్విచ్ పని అదే. మధ్యలోకి తెచ్చి మళ్లీ రెండు వైపులా చూడండి. మధ్యలో ఉన్నా ఒక వైపే కదిలితే మోటారు లోపలి లిమిట్ స్విచ్ పోయింది. ఎటూ కదలకపోతే కొత్త బ్యాటరీలతో ఇంకోసారి చూశాకే మోటారు మీద తప్పు మోపండి. చవక బ్యాటరీలకు ఈ మోటారును తిప్పే బలం చాలదు, ఆల్కలైన్ అడిగింది అందుకే.

ఐదు పిన్నుల సాకెట్ ఉన్న మోటారు అయితే ఏ పిన్ను ఏమిటో ఊహించి బ్యాటరీ ఆనించకండి. పక్క సీటు రిమోట్‌ను దీనికి తగిలించి చూడండి. ఒకే సీటులో తలకు, కాళ్లకు రెండు మోటార్లు ఉండి వాటి ప్లగ్గులు ఒకే రకమైతే, ఆ రెండు ప్లగ్గులు అటూ ఇటూ మార్చండి. ఉదాహరణకు కాళ్ల వైపు కదలడం లేదనుకోండి. తల బటన్ నొక్కితే ఇప్పుడు కాళ్ల మోటారు తిరిగిందంటే తప్పు కాళ్ల బటన్‌లో గానీ, ఆ బటన్ నుంచి వచ్చే వైరులో గానీ ఉంది.

7. వైరు ఎక్కడ తెగిందో మీటర్ మోతతో పట్టుకోండి

గోడ ప్లగ్ తీసి, వైరును రెండు కొసలా విడదీయండి. మీటర్‌ను మోగే దగ్గర పెట్టి, ఒక పుల్ల ఈ కొసలోని పిన్నుకు, రెండో పుల్ల ఆ కొసలోని అదే వైరు పిన్నుకు ఆనించండి. మోగాలి. మోగుతుండగా ఒకరు వైరును జానెడు జానెడుగా వంచుతూ రావాలి. ఎక్కడ వంచితే మోత ఆగుతుందో అక్కడే లోపల తెగింది. పైతోలు బాగుండి లోపల రాగి తెగిన వైరును కళ్లతో పట్టుకోలేరు. "ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు" అని చెప్పే కుర్చీలకు ఈ పరీక్ష బాగా పనికొస్తుంది.

తర్వాత పక్కపక్క పిన్నుల మధ్య కూడా చూడండి. అక్కడ మోగకూడదు. మోగితే లోపల రెండు వైర్లు కలిశాయి.

రంగులను నమ్మకండి. ఎరుపంటే ప్లస్ అని ప్రతి తయారీదారు పాటించరు, ప్లగ్‌కు ఇటువైపు ఎరుపు ఉన్నది అటువైపు గోధుమ రంగు కావచ్చు.

8. అతుకు వేయడం

కుర్చీలు రెండోసారి చెడేది ఎక్కువగా ఇక్కడే. చేత్తో మెలితిప్పి టేపు చుట్టిన అతుకు పది రోజులు నిలుస్తుంది. మే నెల వేడికి టేపు జిగురు కరిగి జారుతుంది, ఫుట్‌రెస్ట్ లాగుడికి మెలిక వదులవుతుంది.

దెబ్బతిన్న భాగాన్ని రెండు వైపులా మంచి రాగి కనిపించేదాకా కోసేయండి. రాగి నల్లబడి ఉంటే ఇంకాస్త వెనక్కి కోయండి. మిగిలిన వైరును సాగదీసి కలపకండి, ఆ మేర కొత్త ముక్క వేయండి. ఒకేసారి అన్ని వైర్లూ కోయకుండా ఒక్కొక్కటిగా కోసి అతికితే ఏది దేనికన్న గందరగోళం ఉండదు. రెండు వైర్లలో అతుకులు పక్కపక్కన రాకుండా ఒకటి ముందు, ఒకటి రెండు మూడు సెంటీమీటర్లు వెనక వచ్చేలా కోయండి. అప్పుడు ఒకదాని స్లీవ్ చిరిగినా రెండోదానికి తగలదు.

స్లీవ్ ముక్కను ముందే వైరుకు ఎక్కించి దూరంగా జరపండి. సోల్డర్ చేశాక స్లీవ్ గుర్తొచ్చి మళ్లీ కోసిన వారిని నేను లెక్కపెట్టలేను. వైరు కొసలు ఒకటిన్నర సెంటీమీటర్ల మేర ఒలవండి. పోగులు ఒకదాంట్లో ఒకటి దూర్చి, తాడు పేనినట్టు నిడుపుగా మెలితిప్పండి. ఐరన్‌ను రాగికి ఆనించి, రాగి వేడెక్కాక సోల్డర్‌ను రాగికే తాకించండి. అది తానే పోగుల్లోకి పాకి, చల్లారాక మెరవాలి. ముద్దగా, బూడిద రంగులో నిలిచిందంటే రాగి వేడెక్కలేదు, మళ్లీ చేయండి. ఆమ్లం ఉన్న పేస్టు వాడకండి, మెల్లగా రాగిని తినేస్తుంది.

కింద స్టీలు పళ్లెం పెట్టుకునే పని చేయండి. కుర్చీ ఫోము, గుడ్డ ఇట్టే అంటుకుంటాయి. స్లీవ్‌ను వేడి చేయడానికి లైటర్ వాడితే మంటను వైరుకు తాకించకుండా కింద నుంచి అటూ ఇటూ తిప్పండి.

సోల్డరింగ్ రానివారు మీట నొక్కితే బిగుసుకునే లీవర్ కనెక్టర్లు వాడవచ్చు. అవి కదిలే ఇనుప చేతుల మధ్య పడకుండా ఫ్రేముకు కట్టేయాలి. ఏ అతుకైనా వైరు వంగే చోట వేయకండి. తెగింది సరిగ్గా వంపు దగ్గరే అయితే పొడవు ముక్క వేసి, రెండు అతుకులూ కదలని చోటికి వచ్చేలా చూడండి.

9. బటన్లు శుభ్రం చేయండి

కుర్చీ చేతి పక్కన బటన్ల దగ్గరే చాయ్ కప్పు పెట్టుకుంటాం. ఒలికిన చాయ్‌లోని చక్కెర, పాలు బటన్ లోపల గట్టిపడతాయి. బటన్ నొక్కితే బంక పట్టినట్టు ఉంటుంది, లేదా వదిలినా పైకి రాదు, కుర్చీ ఎవరూ నొక్కకుండానే కదులుతుంది. అలా దానంతట అదే కదిలే కుర్చీని వెంటనే ప్లగ్ తీసి పక్కన పెట్టండి, బాగయ్యేదాకా వాడకండి.

ప్యానెల్ మీద స్క్రూలు కనిపించకపోతే రబ్బరు బిళ్ల కింద గానీ, స్టిక్కర్ కింద గానీ ఉంటాయి. తెరిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్‌తో తుడిచి, ఫ్యాను కింద గంటసేపు ఆరబెట్టండి. శానిటైజర్ వాడకండి, అందులో నీరు, గ్లిజరిన్ ఉంటాయి. కొబ్బరినూనె అసలే వద్దు, దుమ్మును పట్టి ఉంచుతుంది. రబ్బరు బటన్ కింద నల్లటి కార్బన్ బిళ్ల ఉంటే ఉప్పు కాగితంతో రుద్దకండి, పొర పోతే మరి పనిచేయదు.

10. బటన్లు బాగుపడకపోతే

అదే రకం ప్యానెల్ దొరికితే అదే వేయండి. దొరక్కపోతే, బటన్ల నుంచి మోటారుకు రెండు వైర్లు మాత్రమే వెళ్లే సాదా కుర్చీలకు ఒక ప్రత్యామ్నాయం ఉంది: డీపీడీటీ రాకర్ స్విచ్, అంటే పైకి నొక్కితే ఒక వరుసలో, కిందికి నొక్కితే తారుమారుగా ప్లస్, మైనస్ పంపేలా కలపగల స్విచ్. వెనక ఆరు కాళ్లు ఉంటాయి, రెండు నిలువు వరుసల్లో మూడేసి. చేయి తీయగానే మధ్యకు తిరిగొచ్చి ఆగిపోయే రకమే అడగండి. నొక్కిన చోటే నిలిచిపోయేది పెడితే, మనిషి చేయి తీసినా కుర్చీ కదులుతూనే ఉంటుంది. అది ప్రమాదం.

స్విచ్ మీద 250 వోల్టుల ఏసీకి ఎన్ని ఆంపియర్లని రాసి ఉన్నా దాన్ని చూసి కొనకండి. డీసీకి విడిగా రాసి ఉండాలి, 30 వోల్టుల డీసీకి 5 ఆంపియర్లు ఉంటే నిశ్చింత.

కలిపే పద్ధతి ఇది. మధ్య రెండు కాళ్లకు మోటారు వైర్లు. పై రెండు కాళ్లకు అడాప్టర్ ప్లస్, మైనస్. పై ఎడమ కాలు నుంచి కింది కుడి కాలుకు ఒక చిన్న వైరు, పై కుడి కాలు నుంచి కింది ఎడమ కాలుకు ఇంకో చిన్న వైరు, అంటే గుణకారం గుర్తులా. ఆ రెండూ దాటే చోట తప్పనిసరిగా స్లీవ్ ఉండాలి. కరెంటు ఇచ్చే ముందు స్విచ్‌ను వదిలి, పై రెండు కాళ్ల మధ్య మీటర్ మోగకూడదు. పైకి నొక్కి ఒకసారి, కిందికి నొక్కి ఒకసారి మళ్లీ చూడండి. మోటారును విడదీసి ఉంచితే అప్పుడూ మోగకూడదు. మోగితే ఎక్కడో షార్ట్ ఉంది.

పైకి నొక్కితే కుర్చీ కిందికి వెళ్తుంటే మోటారు వైపు రెండు వైర్లు తారుమారు చేయండి. అడాప్టర్ వైపు మార్చకండి. ముఖ్యంగా పాత ప్యానెల్‌లో యూఎస్‌బీ ఛార్జింగ్ గానీ, లైటు గానీ ఉంటే అడాప్టర్ వైపు ప్లస్, మైనస్ తిరగబడితే అవి కాలిపోతాయి.

11. వైరును కట్టడం

ఫోటో చూసి వైరును పాత దారిలోనే తిప్పండి. ఇనుప చేతులు కదిలే చోట కొంచెం వదులు ఉంచి, కదలని ఫ్రేముకు మాత్రమే కేబుల్ టై వేయండి. అడుగు గుడ్డ కొట్టకముందే ప్లగ్ పెట్టి, కుర్చీని ఒకసారి పూర్తిగా తెరిచి మూస్తూ పక్క నుంచి టార్చి వేసి చూడండి. వైరు ఎక్కడా బిగుసుకోకూడదు, నలగకూడదు. అడాప్టర్ నేల మీద కాకుండా ఫ్రేముకు కట్టి ఉంటే ఇల్లు తుడిచే నీళ్లు తగలవు.

ఎలుక కొరికిన కుర్చీ అయితే సీటు సందుల్లో పడిన మరమరాలు, పల్లీలు మొత్తం వాక్యూమ్ చేయండి. వైరుకు ముడతల ప్లాస్టిక్ గొట్టం తొడగండి. అది పూర్తి రక్షణ కాదు, తిండి వాసన ఉన్నంత కాలం ఎలుక వస్తూనే ఉంటుంది.

12. పని సరిగ్గా అయిందో లేదో చూడండి

ఖాళీ కుర్చీని మూడుసార్లు పూర్తిగా తెరిచి మూయండి. రెండు చివర్లలో తానే ఆగాలి. చివర ఆగాక కూడా మోటారు గీపెడుతూ ఉంటే వెంటనే బటన్ వదలండి, అది లిమిట్ స్విచ్ లోపం. తర్వాత మనిషి కూర్చుని ఒకసారి. వెంటనే ప్లగ్ తీసి అతుకులను వేలితో తాకండి. గోరువెచ్చగా కూడా ఉండకూడదు. వేడిగా ఉంటే సోల్డర్ పట్టలేదు.

బాగయ్యిందన్న సంతోషంలో ఇంటిల్లిపాదీ వరుసగా కూర్చుని పదిసార్లు తిప్పుతారు. లేబుల్ చూడండి, చాలా మోటార్ల మీద రెండు నిమిషాలు పని, 18 నిమిషాలు విరామం అని ఉంటుంది. అంతకు మించి తిప్పితే వేడెక్కి ఆగిపోతుంది. అప్పుడు "మళ్లీ పోయింది" అని ఫోను చేస్తారు. అరగంట వదిలేయండి, తిరిగి పనిచేస్తుంది.

కరెంటు పోయినప్పుడు కుర్చీ తెరుచుకుని ఉండిపోతుందని భయపడేవారు అడాప్టర్ అడుగున చూడండి. కొన్నింటికి రెండు 9 వోల్టుల బ్యాటరీలు పెట్టే గది ఉంటుంది, ఒకసారి కుర్చీ మూయడానికి ఆ బలం చాలుతుంది. చాలామంది ఇళ్లలో ఆ గది కొన్ననాటి నుంచి ఖాళీగానే ఉంది. పరీక్షకు కొన్న బ్యాటరీలు ఎటూ మీ దగ్గర ఉన్నాయి, అక్కడ పెట్టి, గోడ ప్లగ్ తీసి, ఖాళీ కుర్చీ మూసుకుంటుందో లేదో ఒకసారి చూడండి. మూసుకోకపోతే కొత్త జత వేయండి. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ఉంటే ఈ పని ఈ రోజే చేయండి.